ఎర్ర చుక్క లేని నాలుగు టంకాలు

ముందే చెప్తున్నాను, ఆ గిటార్ పెడల్ కిట్ పంపినవాళ్ళని నేనింకా క్షమించలేదు. క్షమించాలని ప్రతి ఆదివారం చర్చిలో వింటూనే ఉన్నాను. అయినా కుదరలేదు.

అట్టపెట్టె మీద మాత్రం పెద్దక్షరాలతో ‘గంటలో మీరే చేసుకోండి’ అని ఉంది. ఎవరి గంట అది? లోపల అన్నీ కలిపి ఒకే ప్లాస్టిక్ కవరులో పోశారు, కిరాణా కొట్లో చిల్లర సామాను పోసినట్టు. రెసిస్టర్లనే చిన్న ముక్కలు ఎనిమిది ఉండాలని కాగితంలో రాశారు. లెక్కపెడితే ఏడు. ఆ కాగితం మీద అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి, భూతద్దం పెడితే గానీ కనపడవు. తగ్గిన ఆ ఒక్క ముక్క కోసం నేను సెలవు పెట్టుకుని, రెండు బస్సులు మారి కోఠీలో ఎలక్ట్రానిక్స్ కొట్టు దాకా పోవాల్సొచ్చింది. ఆ కొట్టతను నా చీర, నా నెరిసిన జుట్టు చూసి, "మీ అబ్బాయికా మేడమ్?" అన్నాడు. నాకే అన్నాను. అతను నమ్మలేదు. అతన్ని కూడా క్షమించలేదు.

నా పేరు ప్రేమమణి. మెట్టుగూడ రైల్వే సిగ్నల్ వర్క్‌షాపులో పద్ధెనిమిదేళ్ళుగా రిలేలకి టంకం పెడుతున్నాను. రిలే అంటే సిగ్నల్ ఎర్రగా ఉండాలో పచ్చగా ఉండాలో నిర్ణయించే మీట లాంటిది. మా ఆయన పోయాక, పిల్లకి రెండేళ్ళప్పుడు నాకీ ఉద్యోగం వచ్చింది. "భర్త పోయిన మనిషి, ఏదో కాయితాలు అందించే పని ఇవ్వండి" అన్నారు అప్పుడు కొందరు. నేను టంకం పెట్టే ఐరన్ పట్టుకున్నాను. ఇవాళ నేను చూసి పాస్ చేసిన ప్రతి టంకం మీద నా గుర్తు ఉంటుంది, అగ్గిపుల్ల తలంత ఎర్ర రంగు చుక్క. ఆ చుక్క ఉన్నది ఒక్కటి కూడా ఇన్నేళ్ళలో తిరిగి రాలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది గొప్పకి చెప్పుకోవడమే. మా సెక్షన్‌లో రిలే కాంటాక్టుల దగ్గరికి నూనె చేత్తో ఎవరూ రాకూడదు. వేలికున్న నూనె పొర చాలు, కరెంటు పోవాల్సిన చోట పోదు. ఒకసారి మా ఇంజనీరు యుగంధర్ గారు మిర్చి బజ్జీ తిని, చెయ్యి రుమాలుకి తుడుచుకుని వచ్చి, కాంటాక్టు మీద వేలు పెట్టబోయారు. "సార్, సబ్బుతో కడుక్కుని రండి" అన్నాను అందరి ముందే. ఆయన కడుక్కుని వచ్చారు. వాసన చూసి మళ్ళీ పంపించాను.

ఇక గొడవకి కారణం మా అమ్మాయి. ఫెయిత్ డిగ్రీ మూడో సంవత్సరం. మూడేళ్ళుగా మా చర్చి క్వయర్‌లో గిటార్ వాయిస్తోంది. వాయిస్తోంది అంటే, స్తంభం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, పాటకి వెనక మెల్లగా మీటుతోంది. ముందు నిలబడి వాయించేది ఎప్పుడూ ఆషరే. ఆషర్ మంచి పిల్లాడే, నేనేమీ అనను. కానీ మా సంఘం సెక్రటరీ శాంతికుమార్ గారికి అన్న కొడుకు.

ఈసారి చర్చి వార్షికోత్సవానికి క్వయర్ మాస్టర్ విజయేందర్ కొత్త పాట కట్టాడు. మధ్యలో గిటార్ ఒక్కటే మోగే చోటు ఉంది, అది ఫెయితే వాయించాలన్నాడు. అక్కడ మామూలు గిటార్ గొంతు చాలదట, పెడల్ కావాలట. అరచేతిలో పట్టే లోహపు డబ్బా అది. గిటార్ తీగ ఒక పక్క నుంచి లోపలికి పోతుంది, ఇంకో పక్క నుంచి స్పీకరుకి పోతుంది. మధ్యలో కాలితో బటన్ నొక్కితే అదే గిటార్ గొంతు బొంగురుగా, నిండుగా మారిపోతుంది, ఏడ్చి ఏడ్చి లేచిన మనిషి పాడినట్టు.

శాంతికుమార్ గారు హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ అందర్నీ ఆరో తరగతి పిల్లలే అనుకుంటారు. కమిటీ మీటింగులో కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆడపిల్ల కాలితో డబ్బా తొక్కుతూ గిటార్ వాయిస్తే సంఘస్థుల దృష్టి దేవుడి మీద ఉంటుందా?" అన్నారు. ఆషర్ రెండు కాళ్ళతో గంతులేస్తూ వాయించినప్పుడు సంఘస్థుల దృష్టి ఎక్కడుందో ఆయన ఎప్పుడూ అడగలేదు. విజయేందర్ గట్టిగా పట్టుబడితే చివరికి ఒక షరతు పెట్టారు. శనివారం ప్రాక్టీసులో ఆ డబ్బా ఏ గోలా లేకుండా మోగితే ఆదివారం ఫెయిత్ వాయిస్తుంది. మోగకపోతే ఆషర్ మామూలుగా వాయిస్తాడు, ఇక ఆ మాట ఎత్తకూడదు. కమిటీలో అందరూ తలలూపారు. నా ఒళ్ళు మండిపోయింది. ఆషర్ గిటార్‌కి ఏనాడైనా పరీక్ష పెట్టారా?

సరే, కిట్ వచ్చింది. సీతాఫల్‌మండిలో మా రెండు గదుల ఇంట్లో, వంటింటి గట్టు మీద పాత బెడ్‌షీట్ పరిచాను. ఫెయిత్ ఐరన్ పట్టుకుంది.

"అమ్మా, నేనే చేసుకుంటా. నువ్వు జెర జరుగు," అంది.

"పట్టుకోవడం అట్లా కాదు. ఒక్కటి చూపిస్తా, ఉండు."

ఒక్కటి చూపించాను. తర్వాత ఇంకొకటి. నేనేం చెయ్యను, ఆ పిల్ల ఐరన్‌ని ముందు టంకం తీగ మీద ఆనించి, తర్వాత ముక్క కాలు వేడిచేస్తోంది. తలకిందుల పని. చూస్తూ ఎట్లా ఊరుకుంటాం? మూడో రోజు సాయంత్రానికి నలభై టంకాలు అయిపోయాయి. నలభైకి నలభై నావే. ఒక్కోదాని మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను.

అప్పుడు ఫెయిత్ నా చేతిలోంచి ఐరన్ తీసుకుంది. గుంజుకోలేదు, తీసుకుంది.

"ఇది నా కిట్ అమ్మా. ఇంక నాలుగున్నయ్. అవి నేను చేస్తా."

వాల్యూమ్ తిప్పే గుండీకున్న మూడు కాళ్ళవి, బయటికి పోయే తీగది ఒకటి. మొత్తం నాలుగు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, అది నాకెంత కష్టమో దేవుడికే తెలియాలి. చేసింది. చూడమని నా ముందు పెట్టింది. నేను భూతద్దం తియ్యకుండానే, "రేపు చూస్తాలే" అని మూత బిగించేశాను. చుక్క పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే, మనసొప్పలేదు. అంతే.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో మోగించింది. నేను పప్పు తాలింపు వేస్తున్నదాన్ని స్టవ్ ఆపేశాను. ఆ డబ్బాలోంచి వచ్చిన గొంతు విని నాకు మా ఆయన గుర్తొచ్చాడు, ఎందుకో తెలియదు. ఆయనకి గిటార్ రాదు, పాట అసలే రాదు. ఫెయిత్ కళ్ళు మూసుకుని వాయిస్తోంది, స్తంభం పక్కన కూర్చునే పిల్లలా లేదు.

శనివారం పొద్దున్న ఫెయిత్ స్నానానికి పోయింది. మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా ప్రార్థన చేసి నూనె రాస్తాను. ఫ్రిజ్‌కి రాశాను, స్కూటీకి రాశాను, ఫెయిత్ ఇంటర్ హాల్ టికెట్‌కి కూడా రాశాను, ఆ మరక ఇప్పటికీ ఉంది. మా పక్కింటి కాంతమణక్క యెరూషలేము యాత్రకి పోయి తెచ్చిన చిన్న సీసా ఒలీవ నూనె ఉంది. డబ్బా మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాను. మామూలుగా వేలితో రాసేదాన్ని. ఆ రోజు శాంతికుమార్ గారి కళ్ళజోడు కళ్ళ ముందు కనపడింది. మనసాగక సీసా వంచాను. కాస్త ఎక్కువే పడింది. పైన కొంగుతో తుడిచి, ఫెయిత్ వచ్చేలోగా బ్యాగులో పెట్టేశాను.

పదింటికి చర్చిలో ప్రాక్టీసు. విజయేందర్ కీబోర్డు దగ్గర, ఆషర్ తన గిటారుతో పక్కన, క్వయర్ వాళ్ళు పది మంది దాకా. మొదటి వరసలో శాంతికుమార్ గారు చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నారు. నేను మూడో వరసలో.

పాట మొదలైంది. గిటార్ వంతు వచ్చింది. ఫెయిత్ కాలితో నొక్కింది. ఒక చరణం మోగింది, అబ్బ, ఎంత బాగా మోగిందో. విజయేందర్ తల ఊపుతున్నాడు. అంతలో గర్‌ర్‌మని ఒక చప్పుడు. ఫెయిత్ వంగి గుండీ తిప్పింది. గరగరమంది, ఆగింది, మళ్ళీ గరగరమంది, ఇక అసలే లేదు.

శాంతికుమార్ గారు లేచారు. తొందరేమీ లేదు ఆయనకి.

"చూశారా సిస్టర్ గారూ. ఇవన్నీ కంపెనీవాళ్ళు చెయ్యాల్సినవి. ఇంట్లో కూర్చుని చేసే పని కాదు. మీరేదో రైల్వేలో చేస్తారని నమ్మాం."

ఏదో రైల్వేలో. పద్ధెనిమిదేళ్ళు ఆయన నోట్లో ‘ఏదో’ అయిపోయాయి. నాకు కళ్ళు కనపడలేదు.

"నా పని తప్పయ్యే ప్రశ్నే లేదు సార్," అన్నాను, గొంతు చర్చంతా మోగింది. "నేను పెట్టిన నలభైకీ నా చుక్క ఉంది. చుక్క లేనివి నాలుగున్నాయి. ఆ నాలుగు టంకాలూ మా అమ్మాయివి."

అన్నాక కూడా నాకేమీ అనిపించలేదు. అదే నా సిగ్గు. నిజం చెప్పానన్న తృప్తితో నిలబడ్డాను.

ఫెయిత్ నేల మీద వంగి తీగలు పీకుతోంది. డబ్బా చేతిలోకి తీసుకుని, మొహం దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం ఆగింది. నా వైపు చూసింది. ఏదో అనబోతోంది అనుకున్నాను. అనలేదు.

విజయేందర్ లేచి వచ్చాడు. "అక్కా, గట్ల అనకుండ్రి. పిల్ల పరేషాన్ అయితది. జెర ఇప్పి చూద్దాం, చిన్నదే అయ్యుంటది."

"చూడ్డానికేముంది? షరతు షరతే," అన్నారు శాంతికుమార్ గారు. "ఆషర్, నువ్వు మొదటి నుంచి వాయించు బాబూ."

ఫెయిత్ డబ్బా నా చేతిలో పెట్టి, గిటార్ భుజానికి తగిలించుకుని, నా స్కూటీ ఎక్కకుండా సీతాఫల్‌మండి దాకా ఎండలో నడిచిపోయింది.

ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా స్క్రూడ్రైవర్ తీశాను. ఆ నాలుగు టంకాలూ ఎట్లా చెడగొట్టిందో చూపించి, కూర్చోబెట్టి మళ్ళీ నేర్పాలని నా ఉద్దేశం. కోపం కోపమే, పని పనే. మూత తీశాను.

ముందు వాసన వచ్చింది.

వాల్యూమ్ గుండీ కాడ చుట్టూ తడి. ఆ కాడ పట్టుకుని జారి లోపలికి దిగిన నూనె, గుండీ కింద ఉండే నల్ల పట్టీ నిండా పరుచుకుంది. ఆ పట్టీ మీదే కరెంటు నడవాలి. తీగ గుచ్చే సాకెట్టులోనూ నూనే. మిర్చి బజ్జీ తిన్న యుగంధర్ గారిని రెండుసార్లు సబ్బుతో కడిగించిన మనిషిని నేను.

కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ముందు కాంతమణక్క మీద చూపించాను, మనసులో. ఎవరు తెమ్మన్నారు అంత దూరం నుంచి? తర్వాత శాంతికుమార్ గారి మీద. ఆయన అట్లా భయపెట్టకపోతే నేను సీసా వంచేదాన్నా? కిట్ వాళ్ళ మీద కూడా కాస్త చూపించాను, గుండీకి ఒక రబ్బరు బిళ్ళ పెట్టి ఉండొచ్చు కదా అని. ఎంతమందిని తిప్పి తిప్పి తిట్టినా ఆ నూనె నా చేతిలోంచే పడింది.

భూతద్దం తీసుకుని ఆ నాలుగు టంకాలూ చూశాను, నిన్నగాక మొన్న చూడాల్సినవి. నున్నగా, వెండిలా మెరుస్తూ, ఎక్కడా ముద్ద లేకుండా ఉన్నాయి. నా నలభైలో రెండు అంత బాగా లేవు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే స్పిరిట్టులో దూది ముంచి అన్నీ తుడిచాను, ఆరబెట్టాను, మళ్ళీ తుడిచాను. బ్యాటరీ పెట్టి, గిటార్ తగిలించి ఒక తీగ మీటాను. శుక్రవారం గొంతే వచ్చింది.

ఫెయిత్ గుమ్మంలో నిలబడి ఉంది.

"పని చేస్తోంది," అన్నాను.

"తెలుసు. నా టంకాలకేమైతది?"

"మరి అక్కడెందుకు చెప్పలేదే?"

"ఏమని చెప్పాలె అమ్మా? డబ్బా చేతిలకి తీసుకోంగనే వాసన వచ్చింది నాకు. మా అమ్మ నూనె పోసిందని చెప్పాలా, అందరి ముందు? ఆ సార్ ముందు?" గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "ఇన్నేండ్ల నుంచి నీకున్నది ఆ ఒక్క పేరే కదా."

ఫెయిత్ లోపలికి పోయి తలుపు వేసుకుంది. నేను నెయిల్ పాలిష్ తీసి, ఆ నాలుగింటి మీదా చుక్కలు పెట్టాను. ఒకటి కాస్త పెద్దదైంది.

ఆదివారం వార్షికోత్సవం. కొత్త సున్నం వేసిన గోడలు, కాగితం పూలు, వెనక షామియానాలో బిర్యానీ వాసన. ఫెయిత్ తన స్తంభం పక్కన కుర్చీలో ఉంది. ఆషర్ ముందు నిలబడ్డాడు. పాటకి ముందు సాక్ష్యాలు చెప్పే సమయం. అంటే దేవుడు తమకి చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఒకావిడ మోకాలి నొప్పి తగ్గిందని చెప్పింది. ఒకాయన కొడుకు పాస్‌పోర్టు వచ్చిందని చెప్పాడు. నేను లేచాను. చేతిసంచీలోంచి డబ్బా తీశాను.

"అందరికీ వందనాలు," అన్నాను. "నిన్న ఈ డబ్బా ప్రాక్టీసులో ఆగిపోయింది. మా అమ్మాయి టంకం సరిగా పెట్టలేదని పదిమంది ముందు చెప్పాను. ఆ మాట తప్పు. నేను దీని మీద నూనె పోశాను. ప్రార్థన నూనె. ఇట్లాంటి వాటి మీద నూనె పడకూడదని రైల్వేలో అందరికీ చెప్పే మనిషిని, నేనే పోశాను. మా అమ్మాయికి ఆ సంగతి ఇక్కడే తెలిసిపోయింది. నా పరువు పోతుందని నోరెత్తలేదు. నిందంతా తనే మోసుకుని ఇంటికి నడిచిపోయింది."

వెనక వరసల్లో ఎవరో నవ్వారు. నవ్వనీ. ఫెయిత్ తల దించుకుని "అమ్మా, కూసో" అని పెదాలతో అంటోంది.

శాంతికుమార్ గారు మైకు దగ్గరికి వచ్చారు. "సిస్టర్ గారూ, సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పాలి. ఇవి ఇంటి విషయాలు."

"మేలే చెప్తున్నాను సార్. నాకు లేని ఓపిక దేవుడు నా బిడ్డకిచ్చాడు. అది మేలు కాదా? ఇంకొక మాట చెప్పి కూర్చుంటాను. డబ్బా గోల లేకుండా మోగితే ఫెయిత్ వాయించాలని కమిటీ షరతు. డబ్బాలో ఏ లోపమూ లేదు. పాడు చేసింది నేను, బాగు చేసింది నేను. శిక్ష వెయ్యాలంటే నాకు వెయ్యండి, ఏడాది పాటు చర్చి ఊడవమంటే ఊడుస్తాను. పిల్లకి వెయ్యకండి."

ఆయన పాస్టరు అయ్యగారి వైపు చూశారు. అయ్యగారు బైబిల్లోకి చూశారు. కమిటీ మొత్తం ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకున్నారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

కదిలింది ఆషర్. తన గిటార్‌లోంచి స్పీకరుకి పోయే తీగ పీకి, స్తంభం దగ్గరికి నడిచి, ఫెయిత్‌కి అందించాడు. "నాకైతే ఆ ముక్క వస్తనే లేదు," అన్నాడు, స్తంభం పక్కనున్న మైకులో అందరికీ వినపడింది. "నిన్న రాత్రి దాకా చూసిన. నువ్వే వాయించు."

ఫెయిత్ వెంటనే లేవలేదు. నా దగ్గరికి వచ్చి డబ్బా తీసుకుంది. అక్కడే నిలబడి, వాల్యూమ్ గుండీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అప్పుడు ముందుకి పోయింది.

పాట మొదలైంది. దాని వంతు వచ్చింది. కాలితో నొక్కింది. నేను కళ్ళు మూసుకుని, ఎక్కడైనా గరగర వస్తుందేమోనని అలవాటు కొద్దీ వెతికాను. రాలేదు. కళ్ళు తెరిస్తే మోకాలి నొప్పి తగ్గినావిడ ఏడుస్తోంది. విజయేందర్ కీబోర్డు మీంచి చేతులు తీసేసి, పిల్లనొక్కదాన్నే వాయించనిచ్చాడు.

శాంతికుమార్ గారు నా వరస చివర వచ్చి కూర్చున్నారు. కర్ర మీద గడ్డం ఆనించి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. నేను ఆయన వైపు వంగి చెప్పాను.

"ఆ నాలుగు టంకాలూ మా అమ్మాయివి సార్."